ఊరిని బొమ్మల కొలువులా చూపించడం: టిల్ట్-షిఫ్ట్ ఫోటోలకు సమగ్ర మార్గదర్శి

చార్మినార్ మీద నుంచి తీసిన ఒక ఫోటో చూసి మా అమ్మ అడిగింది: "ఈ ఆటో బొమ్మలు ఎక్కడ కొన్నావురా? సంక్రాంతి కొలువులో పెడితే బాగుంటాయి." అంతకుముందు ఏడాది పొడవునా ఇలాంటివే ఓ నలభై ఫోటోలు ఆవిడకి చూపించాను. అన్నిటికీ ఒకటే మాట అనేది: "పైనా కిందా మసగ్గా వచ్చిందేంరా?"

పైనా కిందా మసక పూసి, అసలు ఊరినే చిన్న బొమ్మలా కనిపించేలా చేసే ఇలాంటి ఫోటోలనే టిల్ట్-షిఫ్ట్ ఫోటోలంటారు. ఆ నలభైకీ ఈ ఒక్కదానికీ నేను పెట్టిన మసక మోతాదు ఒకటే. ఒకే యాప్, ఒకే స్లయిడర్. ముఖ్యంగా మారింది నేను నిలబడిన చోటు, వెళ్ళిన వేళ. ఆ మసక ఏ వస్తువు మీద ఎంత ఉండాలో కూడా తర్వాతే తెలిసింది. అందుకే ఈ వ్యాసంలో సాఫ్ట్‌వేర్ సంగతి సగం దాటాక గానీ రాదు. ఓపిక లేనివాళ్ళు నేరుగా అక్కడికి వెళ్ళొచ్చు గానీ, నా నలభై ఫోటోలు అలా తయారైనవే.

కన్ను ఎందుకు మోసపోతుంది

ముందు ఒక చిన్న లెక్క. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి (అంటే సెన్సార్, దృశ్యం పడే చిప్, పాత ఫిల్మ్ ఫ్రేమంత ఉన్నదానికి) 50 మి.మీ. లెన్స్ పెట్టి, అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే కన్నం) ఎఫ్/2.8 దగ్గర ఉంచి, అర మీటరు దూరంలో ఉన్న కొండపల్లి బొమ్మను ఫోటో తీశారనుకోండి. ముందూ వెనకా కలిపి స్పష్టంగా వచ్చేది సుమారు ఒకటిన్నర సెంటీమీటరు మందం మాత్రమే. ఏనుగు తొండం స్పష్టంగా ఉంటే అంబారీ మసకబారుతుంది. అదే లెన్స్, అదే అపెర్చర్‌తో 30 మీటర్ల దూరంలో ఉన్న లారీ మీద ఫోకస్ చేయండి. దాదాపు 15 మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా అంతా స్పష్టంగానే ఉంటుంది.

పుట్టినప్పటి నుంచి కళ్ళకు ఇదే అలవాటు. ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసే చిన్న వస్తువు చుట్టూ మసక ఉంటుంది, దూరంగా ఉన్న పెద్ద వస్తువు చుట్టూ ఉండదు. పెద్ద దృశ్యానికి చిన్న వస్తువు చుట్టూ ఉండే మసక తొడిగితే మెదడు వెనక్కి లెక్క కట్టుకుంటుంది: ఇంత మసక ఉందంటే దగ్గరగా ఉండాలి, దగ్గరగా ఉండీ ఇంతే కనిపిస్తోందంటే బొమ్మే అయ్యుండాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకులు 2010లో దీన్ని పరిశీలించి రాశారు. మసక ఒక్కటే దూరాన్ని చెప్పలేదనీ, రోడ్లూ గోడలూ దూరానికి సన్నబడే తీరుతో అది కలిసినప్పుడే కొలత తారుమారవుతుందనీ వాళ్ళ వివరణ. మసక పెరిగే దిశ, దృశ్యంలో దూరం పెరిగే దిశ ఒకటే కావాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మిగతా సూత్రాలన్నీ మీకే తడతాయి.

అసలు లెన్స్ సంగతి

పేరులో రెండు పనులున్నాయి. లెన్స్‌ను ఒక పక్కకి వంచడం టిల్ట్, వంచకుండా పైకో కిందికో జరపడం షిఫ్ట్. ఎత్తైన భవనాల గోడలు పైకి పోయేకొద్దీ దగ్గర పడకుండా నిటారుగా రావడానికి షిఫ్ట్ వాడతారు. మన పని టిల్ట్‌తోనే.

మామూలు లెన్స్ సెన్సార్‌కు సమాంతరంగా ఉంటుంది కాబట్టి ఫోకస్ అయ్యే తలం కూడా దానికి సమాంతరంగా, గోడలా నిలబడుతుంది. లెన్స్‌ను వంచితే ఆ గోడ కూడా వాలిపోతుంది. సెన్సార్ తలం, లెన్స్ తలం, ఫోకస్ తలం మూడూ ఒకే గీత మీద కలుస్తాయన్న సూత్రానికి షైమ్‌ఫ్లూగ్ పేరు పెట్టారు. థియోడోర్ షైమ్‌ఫ్లూగ్ ఆస్ట్రియా సైన్యంలో కెప్టెన్. గాలిలోంచి తీసిన ఫోటోల్లో నేల వంకర్లు పోకుండా, పటంలా కచ్చితంగా రావాలని తంటాలు పడి 1904లో పేటెంటు తీసుకున్నాడు. కొలతలు తప్పకూడదని ఆయన పడిన శ్రమను మనం కొలతలు తప్పించడానికి వాడుకుంటున్నాం.

35 మి.మీ. కెమెరాలకు టిల్ట్, షిఫ్ట్ రెండూ చేసే లెన్స్‌ను కెనాన్ 1973లో తెచ్చింది. ఇటలీకి చెందిన ఒలీవో బార్బియేరీ 2003 నుంచి హెలికాప్టర్‌లో ఎగురుతూ ఇలాంటి లెన్స్‌తో నగరాలను తీయడం మొదలుపెట్టాక ఈ బొమ్మల లోకం చాలామంది కంటపడింది.

మీ దగ్గర ఆ లెన్స్ ఉంటే, లేదా ఒక రోజుకు అద్దెకు తెచ్చుకుంటే, చేయాల్సింది ఇది. కెమెరా కిందికి చూస్తుండగా లెన్స్ మూతిని పైకి వంచండి. నేలంతా స్పష్టంగా రావాలనుకునేవాళ్ళు కిందికి వంచుతారు, మనది దానికి తిరగేసిన పని. చాలా లెన్స్‌లు 8 డిగ్రీల దాకా వంగుతాయి. ముందు పూర్తిగా వంచి చూసి, అతిగా అనిపిస్తే తగ్గించుకోండి. అపెర్చర్ ఎంత తెరుచుకుంటే అంత తెరిచి ఉంచండి. ఈ లెన్స్‌లలో ఫోకస్ చేత్తోనే తిప్పాలి. వ్యూఫైండర్‌లో కంటితో అంచనా వేస్తే తప్పుతుంది, లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, పెద్దది చేసి చూసుకుంటూ తిప్పండి.

కొనమని మాత్రం చెప్పను. పెద్ద కంపెనీలవి చాలా ఖరీదు, ఈ ఒక్క సరదాకి అంత అవసరం లేదు. పైగా వంచిన లెన్స్‌కి ఒక లోపం ఉంది. దానికి భవనాలూ నేలా వేరని తెలియదు, వాలిన తలానికి ఎంత దూరంలో ఉంటే అంత మసక పూసేస్తుంది. మేడ మొదలు స్పష్టంగా, కొస మసకగా వస్తుంది. ఓపిగ్గా చేస్తే కంప్యూటర్‌లో దీన్ని మించిన ఫలితం వస్తుంది. ఇక లెన్స్ ఊడదీసి కెమెరా ముందు చేత్తో వంచి పట్టుకునే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. మన రోడ్ల దుమ్ములో సెన్సార్ తెరిచి పెట్టుకునే ధైర్యం నాకు లేదు.

చోటు వెతుక్కోవడం

బొమ్మల కొలువును మనం ఎలా చూస్తాం? నిలబడి, కొంచెం వంగి, పైనుంచి ఏటవాలుగా. పార్కులో మట్టి రోడ్డు, తమలపాకంత చెరువు, దాని గట్టు మీద తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. వెనకాల ఆకాశం ఉండదు, మహా అయితే మెట్టు మీద పరిచిన బట్ట ఉంటుంది. ఊరిని కూడా అదే కోణం నుంచి పట్టుకోవాలి. నేల మీద నిలబడి తీసిన వీధికి ఎంత మసక పూసినా అది వీధే.

కోణం 30 నుంచి 45 డిగ్రీలు. కొలవడం సులువు. మీరున్న ఎత్తు ఎంతో, దృశ్యం అడ్డంగా అంతే దూరంలో ఉంటే 45 డిగ్రీలు. ఎత్తుకు ఒకటిముప్పావు రెట్లు దూరంలో ఉంటే దాదాపు 30. అంతకన్నా దూరం చూస్తే దిగంతం ఫ్రేమ్‌లోకి వచ్చేస్తుంది. నిట్టనిలువుగా కిందికి చూస్తే దూరం పెరిగే దిశే ఉండదు కాబట్టి మసకకు పని లేకుండా పోతుంది. డ్రోన్ ఉన్నవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఈ రెండోదే.

ఎత్తు ఎంత కావాలి? ఫ్రేమ్‌లో మనిషి ఎంత కనిపిస్తాడన్న దాన్ని బట్టి చూసుకోవాలి. ఫ్రేమ్ ఎత్తులో ఇరవయ్యో వంతు నుంచి నలభయ్యో వంతు మధ్య ఉంటే బొమ్మలా ఉంటాడు. అంతకంటే పెద్దగా వస్తే ముఖం తెలుస్తుంది. ముఖం తెలిస్తే మనిషైపోతాడు, ఇక ఏం చేసినా బొమ్మ కాడు. అంతకంటే చిన్నగా వస్తే చీమవుతాడు, ఫోటో పటంలా మారుతుంది. మూడంతస్తుల డాబా మీద నుంచి మనుషులు ఎప్పుడూ పెద్దగానే వస్తారు. ఎనిమిది, పది అంతస్తుల ఎత్తు నుంచి పని సులువవుతుంది.

మనకు కొండలకు కొదవ లేదు. విజయవాడ గాంధీ కొండ ఎక్కితే రైల్వే స్టేషన్ వైపు పట్టాలూ బోగీలూ కనిపిస్తాయి. ఆ కొండ పిల్లల రైలుకు పేరు పడింది, కింద ఉన్న అసలు రైలును బొమ్మ చేయడానికి అంతకన్నా తగిన చోటు నాకు తట్టలేదు. విశాఖలో కైలాసగిరి నుంచి ఒంపు తిరిగిన బీచ్ రోడ్డు కనిపిస్తుంది. గోల్కొండ పైన బారాదరి నుంచి ఊరు కనిపిస్తుంది గానీ దూరం ఎక్కువ, కోట లోపలి గోడల మధ్య నడిచే జనాన్ని పట్టుకుంటే మేలు. ఇవన్నీ లేకపోయినా మీ ఊళ్ళో ఆసుపత్రి పై అంతస్తు కిటికీ, ఫుట్ ఓవర్ బ్రిడ్జి, స్టేడియంలో చివరి వరుస ఉంటాయి. ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎత్తు చాలదని ముందే చెప్పేస్తున్నా, కానీ మొదటి పాఠానికి ఖర్చు లేని చోటు.

డ్రోన్ వాడేట్టయితే 40 నుంచి 60 మీటర్ల ఎత్తు చాలు. ఎగరేసే ముందు ప్రభుత్వం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై పటంలో మీ చోటు ఏ రంగులో ఉందో చూడండి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఎల్లో, రెడ్ జోన్‌లకు అనుమతి తప్పనిసరి. తిరుమలలో డ్రోన్ ఊసే ఎత్తకండి. విశాఖలో నౌకాదళం ఉన్న దరిదాపుల్లో కూడా.

ఏ దృశ్యం బొమ్మవుతుంది

విడివిడిగా, ఒక్కొక్కటీ తన నీడతో సహా కనిపించేవి బాగుంటాయి. రైతు బజారు గొడుగులు, బడి ఆవరణలో ప్రార్థనకు వరుస కట్టిన పిల్లలు, గోదావరి ఒడ్డున కట్టేసిన పడవలు, కోతల కాలంలో ధాన్యం ఆరబోసిన కళ్ళం, ఆర్టీసీ బస్టాండులో బస్సులు, జాతరలో రంగులరాట్నం. పసుపు రంగు ఆటోకి అడ్డే లేదు, ఎక్కడ కనిపించినా బొమ్మే.

కరెంటు తీగలు ఫ్రేమ్‌కు అడ్డంగా పోతే ఆ చోటు వదిలేయండి. తర్వాత తుడిచేద్దామనుకుంటే ఒక సాయంత్రం దానికే పోతుంది. ఒకదాని మీద ఒకటి పడిపోయి గుట్టలా ఉన్న జనం కూడా బొమ్మలవ్వరు. బొమ్మల్ని ఎవరూ అలా పెట్టరు కదా.

వెలుగు, గాలి

దూరం పోయేకొద్దీ దృశ్యం మీద తెల్లటి పొర కమ్ముతుంది. దుమ్ము, తేమ, పొగ. అది దూరానికి గుర్తు. బల్ల మీద ఉన్న బొమ్మకీ మన కంటికీ మధ్య పొగమంచు ఉండదు. కాబట్టి ఆ పొర ఉన్న రోజున తీసిన ఫోటో ఎంత దిద్దినా ఓడిపోతుంది. నేను మొదట వెళ్ళింది జనవరిలో ఉదయం ఏడింటికి, మంచు తెర అందంగా ఉందని మురిసిపోయి డెబ్భై ఫోటోలు తీశాను. ఒక్కటీ పనికిరాలేదు. వాన వెలిసిన మర్నాడు వెళ్ళండి. వేసవిలో గాలివాన పడి ఆగిన సాయంత్రమైతే ఇంకా మేలు, ఆకుల మీద దుమ్ము కూడా కడిగేసి ఉంటుంది.

వెలుగు ఎర్రటి ఎండ కావాలి. మామూలుగా ఫోటోలకు మబ్బు పట్టిన మెత్తటి వెలుతురు మంచిదంటారు, ఇక్కడ చెల్లదు. బొమ్మ పక్కన ఒకే ఒక్క బల్బు వెలిగినట్టుండాలి, ప్రతి వస్తువుకీ అంచు తెలిసే నీడ ఒకటి పడాలి. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదిన్నర, మధ్యాహ్నం మూడున్నర నుంచి నాలుగున్నర మధ్య ఆ నీడలు పొట్టిగానూ ఉండవు, మరీ సాగిపోవు. సూర్యాస్తమయపు బంగారు రంగు వద్దు. అది ఆకాశం సంగతి గుర్తుచేస్తుంది.

కెమెరా సెట్టింగులు

మామూలు లెన్స్‌తో తీసి తర్వాత మసక పూసేట్టయితే అసలు ఫోటోలో ఎక్కడా మసక ఉండకూడదు. ఎఫ్/8, షట్టర్ 1/500 లేదా అంతకంటే వేగం, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సార్ స్పందించే స్థాయి) ఎంత తక్కువైతే అంత. షట్టర్ వేగం ఎందుకంటే బొమ్మ బండి కదలదు. కదలిక వల్ల చక్రం చెరిగినట్టు వస్తే గుట్టు రట్టవుతుంది. రా ఫైల్‌గా, అంటే కెమెరా తనంతట తాను దిద్దని ఫైల్‌గా, తీయండి. ఫోన్ అయితే పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. ఫోన్ సెన్సార్ చిన్నది కాబట్టి దూరపు దృశ్యమంతా ఎలాగూ స్పష్టంగానే వస్తుంది, ఈ పనికి అది వరమే.

కొన్ని కెమెరాల్లో మినియేచర్ అనో డయోరామా అనో ఒక ఎఫెక్ట్ ముందే ఉంటుంది. అక్కడికక్కడ కోణం సరిపోయిందో లేదో చూసుకోవడానికి అది పనికొస్తుంది. చివరి ఫోటోకి వాడకండి, ఒకసారి పూసిన మసకను వెనక్కి తీయలేం.

చార్మినార్ దగ్గర ఒక మధ్యాహ్నం

అమ్మ ఆటోలు అడిగిన ఫోటో కథ చెప్తాను, పద్ధతంతా అందులోనే ఉంది.

చార్మినార్ కమానులే సుమారు 20 మీటర్లు లేస్తాయి. సందర్శకులను ఎక్కనిచ్చే అంతస్తు వాటి పైన. అంటే ఏడంతస్తుల ఎత్తు, మనుషులు బొమ్మలయ్యే హద్దు మీద ఉంటుంది. అక్కడి నుంచి టెలిఫోటో లెన్స్‌తో లాగితే ముఖాలు పెద్దవైపోతాయి. ఫుల్ ఫ్రేమ్‌లో 28 నుంచి 35 మి.మీ. దగ్గర తీయాలి. ఫోన్ ప్రధాన కెమెరా కూడా ఇంచుమించు అదే కోణం, జూమ్ చేయకుండా తీస్తే సరిపోతుంది. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు విడిగా అనుమతి కావాలి కాబట్టి దాన్ని మోసుకెళ్ళకండి. ఎండలో 1/500 దగ్గర చేతులే చాలు.

ఏ వైపు చూడాలన్నది నీడ చెబుతుంది. మీరు నిలబడింది 56 మీటర్ల మినార్ల మధ్య. ఉదయం ఆ కట్టడం నీడ పడమటి వైపు, లాడ్ బజార్ మొదట్లో పడుతుంది. చలికాలం మిట్టమధ్యాహ్నం ఉత్తరాన పరుచుకుంటుంది. నేను ఉత్తరం వైపు, గుల్జార్ హౌజ్ దిశగా తీయాలనుకున్నాను కాబట్టి మూడున్నర దాకా ఆగాను. అప్పటికి నీడ తూర్పుకు తిరిగి, రోడ్డు మీద ఎడమ పక్క నుంచి ఎండ పడుతోంది. తోపుడు బండ్ల మీది దానిమ్మలూ జామకాయలూ, వాటి పక్కన ఒక్కో నీడ. ముందు రోజు రాత్రి వాన కురిసింది.

తర్వాత అరగంట ఎదురుచూడటమే పని. జనం గుంపుగా కదులుతుంటారు, ఎప్పుడో ఒకసారి మధ్యలో ఖాళీ దొరుకుతుంది. రెండు ఆటోలు, ఒక గాజుల బండి, గొడుగు కింద ఒక పెద్దాయన, నలుగురి మధ్యా నేల కనిపించేంత చోటు. ఆ క్షణానికి ఒక ఎనిమిది ఫోటోలు తీశాను. ఎదురుగా గుల్జార్ హౌజ్ దారిలో ఉన్న కమాను కొస ఫ్రేమ్‌లోకి వస్తే వెనకే ఆకాశం కూడా వస్తుంది కాబట్టి కెమెరాను కొంచెం కిందికి దించి ఆ కమాను కాళ్ళ దాకానే ఉంచాను.

ఫోన్‌లో దిద్దడం

స్నాప్‌సీడ్‌లో లెన్స్ బ్లర్ అనే పనిముట్టు ఉంది. ముందు క్రాప్, రంగులు అన్నీ పూర్తి చేసుకుని దీన్ని చివర్లో తెరవండి. మొదట గుండ్రటి ఆకారం వస్తే అడ్డ గీతల ఆకారానికి మార్చండి. గుండ్రం దాదాపు ఎప్పుడూ తప్పే. దూరం కింది నుంచి పైకి పెరుగుతుంది గానీ మధ్య నుంచి చుట్టూ పెరగదు కదా. రెండు వేళ్ళతో స్పష్టంగా ఉండే పట్టీ మందం తగ్గించండి, ఫ్రేమ్ ఎత్తులో ఐదో వంతో ఆరో వంతో ఉంటే చాలు. ఇందులో మూడు అమరికలుంటాయి. బ్లర్ స్ట్రెంగ్త్ సగం కంటే కొంచెం పైన. ట్రాన్సిషన్ బాగా ఎక్కువ, మసక ఒక్కసారిగా మొదలవకూడదు. విన్యెట్ సున్నా. మూలల్లో నలుపు వస్తే బొమ్మల కొలువు కాస్తా పాత పెళ్ళి ఫోటో అవుతుంది.

ఆ తర్వాత చాలామంది ఆగిపోతారు. ఆగకండి. చేసిన మార్పుల జాబితాలోకి వెళ్ళి, లెన్స్ బ్లర్ మీద నొక్కి, కుంచె గుర్తు ఎంచుకుంటే ఆ మసక ఎక్కడ ఉండాలో ఎక్కడ వద్దో వేలితో పూసుకోవచ్చు. ఎక్కడ పూయాలో కింద చెప్తాను.

కంప్యూటర్‌లో దిద్దడం

ఫోటోషాప్‌లో 2012 నాటి సీఎస్6 నుంచి బ్లర్ గ్యాలరీలో టిల్ట్-షిఫ్ట్ ఫిల్టర్ ఉంది. డబ్బు పెట్టకూడదనుకుంటే జింప్‌లో ఫోకస్ బ్లర్ ఉంది. ఫోటోషాప్‌లో లేయర్‌ను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా (అసలు ఫోటో చెడకుండా ఉంచే లేయర్‌గా) మార్చుకుని ఫిల్టర్ వేస్తే తర్వాత ఎన్నిసార్లయినా సర్దుకోవచ్చు. రెండు నిండు గీతల మధ్య స్పష్టం, అక్కడి నుంచి చుక్కల గీత దాకా మసక పెరుగుతూ పోతుంది, ఆపైన అంతా ఒకే మసక. 6000 పిక్సెళ్ళ వెడల్పు ఫోటోకి 30 పిక్సెళ్ళ మసకతో మొదలుపెట్టండి. చుక్కల గీతల్ని ఫ్రేమ్ అంచుల దాకా లాగేయండి.

అలా లాగడానికి కారణం ఉంది. చదునైన నేలను ఏటవాలుగా చూస్తున్నప్పుడు, నిజమైన లెన్స్‌లో మసక ఫోటోలోని వరుస వరుసకీ సమంగా పెరుగుతూ పోతుంది. ఎక్కడో ఆగి చదునైపోదు. కాబట్టి సూటిగా పెరిగే మసకే నేలకు న్యాయం. మధ్యలో ఆగిపోయిన మసకను చూసి కన్ను ఏదో తేడాగా ఉందనుకుంటుంది, ఎందుకో చెప్పలేదు.

ఇక నేల మీద నిలబడినవాటి సంగతి. స్పష్టమైన పట్టీలో ఒక కరెంటు స్తంభం మొదలు ఉందనుకోండి. దాని కొస ఫోటోలో పైకి, మసక ప్రాంతంలోకి వెళ్తుంది. కానీ కెమెరా నుంచి మొదలెంత దూరమో కొస కూడా దాదాపు అంతే దూరం. కాబట్టి ఏ వస్తువుకైనా పాదం దగ్గర ఎంత మసక ఉందో తల దాకా అంతే ఉండాలి. ఫిల్టర్ ఎక్కడ పనిచేయాలో చెప్పే మాస్క్ మీద నల్ల కుంచెతో ఆ స్తంభాన్ని పై దాకా పూయండి, నల్లగా పూసిన చోట మసక పోతుంది. రోడ్డు పక్కన రెండంతస్తుల దుకాణాలుంటే వాటిని వంతులుగా పూయాలి, పట్టీకి సూటిగా ఉన్న దుకాణం పూర్తిగా స్పష్టం, దాని వెనక దుకాణం కొంచెం మసక, ఆ వెనకది ఇంకొంచెం. నా చార్మినార్ ఫోటోలో ఈ ఒక్క పనికే గంటన్నర పట్టింది. మొదటి నలభై ఫోటోల్లో ఈ సంగతే నాకు తెలియదు.

పూసిన తర్వాత ఒక చిక్కు వస్తుంది. స్పష్టంగా ఉంచిన స్తంభం చుట్టూ దాని రంగే పొగలా వ్యాపించి కనిపిస్తుంది. మసక పూసినప్పుడు స్తంభం రంగు కూడా వెనకున్న గోడలోకి కలిసిపోవడమే కారణం. దీనికి విరుగుడు: ఒక నకలు లేయర్ తీసుకుని, అందులో స్తంభాన్ని క్లోన్ స్టాంప్‌తో (పక్క భాగాన్ని నకలు చేసి అంటించే పనిముట్టుతో) చెరిపేసి, ఆ ఖాళీ దృశ్యానికి మసక పూయండి. పైన స్పష్టమైన స్తంభాన్ని విడిగా కత్తిరించి పెట్టండి. చెరిపిన చోట పని మోటుగా ఉన్నా పర్లేదు, ఎలాగూ మసకబారుతుంది.

ఇలాంటి నిలువు వస్తువులు చాలా ఉంటే ముక్కలు ముక్కలుగా దిద్దడం కంటే దూరాల పటం గీసుకోవడం తేలిక. కొత్త ఆల్ఫా ఛానల్‌లో (నలుపు తెలుపుల్లో గీసుకునే అదనపు పొరలో) పట్టీ దగ్గర నలుపు, రెండు వైపులా అంచుల దాకా తెలుపు వచ్చేలా గ్రేడియంట్ వేసి, ప్రతి భవనాన్నీ దాని పాదం దగ్గరున్న బూడిద రంగుతో నింపండి. ఆ ఛానల్‌ను లెన్స్ బ్లర్ ఫిల్టర్‌కు డెప్త్ మ్యాప్‌గా ఇస్తే ఒక్కసారిగా అంతా సరిపోతుంది. గాసియన్ బ్లర్ వద్దు. అది దృశ్యాన్ని పాలలో ముంచినట్టు చేస్తుంది. లెన్స్ బ్లర్‌లో మెరిసే చుక్కలు చిన్న బిళ్ళల్లా విచ్చుకుంటాయి, స్టీలు గిన్నెల దుకాణం ఫ్రేమ్‌లో ఉంటే తేడా వెంటనే తెలుస్తుంది.

చివరగా, మసక పూసిన చోట కెమెరా గ్రెయిన్ (ఫోటోలో ఇసుకలా కనిపించే సన్నటి చుక్కలు) కూడా మాయమై నున్నగా ప్లాస్టిక్‌లా తయారవుతుంది. నిజమైన లెన్స్ దృశ్యాన్ని మసకబరుస్తుంది గానీ సెన్సార్ గ్రెయిన్‌ను మసకబరచదు. ఫోటో అంతటికీ సన్నటి గ్రెయిన్ కొంచెం చల్లితే స్పష్టమైన భాగం, మసక భాగం ఒకే ఫోటోలా అతుక్కుంటాయి.

రంగులు

రంగుల పని మసక కంటే ముందు చేయాలి. మంచు పొరను తగ్గించే డీహేజ్‌ను మసక మీద వేస్తే ఆ మెత్తటి రంగుల్లో మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. 16 బిట్‌లో పని చేస్తే ఆ బెడద ఇంకా తగ్గుతుంది.

ఎంత దట్టంగా ఉండాలో తేల్చుకోలేకపోతే ఒక కొండపల్లి బొమ్మను పక్కన పెట్టుకోండి. తెల్ల పొణికి కర్రకు పూసిన ఆ ఎరుపు, ఆ పసుపు, ఆ పచ్చ. నీడలో కూడా రంగు చావదు. శాచురేషన్ 25 దాకా, కాంట్రాస్ట్ కొంచెం, డీహేజ్ 15 నుంచి 25. పచ్చరంగును మాత్రం విడిగా చూసుకోవాలి, వేపచెట్లు రేడియం స్టిక్కర్లలా వెలిగితే నమ్మశక్యంగా ఉండదు. మనుషుల చర్మం నారింజ రంగుకు తిరుగుతోందేమో కూడా చూసుకోండి.

కదిలే బొమ్మలు

ఫోటో కుదిరాక వీడియో మీదకు మనసు పోవడం ఖాయం. దానికి ట్రైపాడ్ తప్పదు, కాబట్టి కొండ మీదో స్నేహితుల అపార్ట్‌మెంటు టెర్రస్ మీదో పెట్టుకోండి. వరుసగా ఫోటోలు తీసి వీడియోగా కలపాలి, పడవలకీ రైళ్ళకీ సెకనుకి ఒక ఫోటో చాలు. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున ఆడిస్తే పది సెకన్ల వీడియోకి 250 ఫోటోలు, అంటే నాలుగు నిమిషాల పది సెకన్లు తీయాలి. నడిచే మనుషులకు ఇది కుదరదు, ఒక చోట మాయమై రెండడుగుల అవతల తేలతారు. వాళ్ళ కోసం మామూలు వీడియో తీసి నాలుగు నుంచి ఆరు రెట్లు వేగం పెంచండి.

మామూలు టైమ్ లాప్స్‌లో షట్టర్ నెమ్మదిగా ఉంచి కదలికను సాగదీయమంటారు. ఇక్కడ ఆ మాట వినకండి, 1/500 దగ్గరే ఉంచండి. బొమ్మల్ని ఒక్కో ఫ్రేముకీ చేత్తో జరిపి తీసిన యానిమేషన్‌లో ఏదీ సాగదు. ఆ గతుకుల నడకే కావాలి మనకు. రంగుల దిద్దుబాటు, మసక మాస్క్ ఒక్క ఫ్రేముకు చేసుకుని మిగతా అన్నిటికీ అదే అంటించండి, కెమెరా కదలలేదు కాబట్టి భవనాలు వాటి చోట్లలోనే ఉంటాయి. పట్టీ దాటి వెనక్కి వెళ్ళే బస్సు తనంతట తానే మసకబారుతుంది. మీరు మాస్క్‌లో స్పష్టంగా ఉంచిన స్తంభం వెనక నుంచి అది పోయేటప్పుడు మాత్రం ఒక్క క్షణం అంచు మెరుస్తుంది. కాబట్టి వీడియో కోసం చోటు ఎంచుకునేటప్పుడే పట్టీకి అడ్డంగా స్తంభాలు లేని రోడ్డు చూసుకోండి.